బార్లీ కోతకు టికెట్

— పెద్దబాపూ, ఈ వీడియో మీ మజ్రాదే, మీరు పనిచేసే తోటదే కదా? బార్లీ కోసుటానికి టికెట్ పెట్టిన్రంట, నిజమేనా?

నిజమే కొడుకా, నిజమే. టికెటే. సినిమాకు పెట్టినట్టు పెట్టిన్రు. పైసలు కట్టాలె, చేతికి పసుపుపచ్చ పట్టీ కట్టిచ్చుకోవాలె, ఇగ కొడవలి పట్టుకొని మడిల దిగాలె. నవ్వకు. నువ్వు మఫ్రఖ్ గోదాంల డబ్బలు మోసేటోనివి, నీకు నవ్వే అత్తది. నాకైతే ఒళ్ళు మండుతది. మా ఊర్ల కోతకు పోతే కూలి ఇచ్చిన్రు, గింజలిచ్చిన్రు, ఏం లేకపోతే కల్లు పోసిన్రు. కోసెటోడే ఎదురు పైసలు కట్టుడు నా బతుకుల చూడలే. కూసో, ఆ చాప మీద కూసో. ఇంత దూరం బస్సులు మారుకుంట అచ్చినవు, ఫుజైరా అంటే నీకు మాటలా. ఫోన్ల పట్టుకుంటవా నా మాటలు? పట్టుకో, నాకేం భయం. ఎవలకు ఇనిపిచ్చినా నాకేం కాదు, నేను ఈ ఎండకాలం నౌకరి ఖలాస్ చేసుకొని ఊరికి పోయెటోన్ని.

అసలు టికెట్ దాక ఎట్లచ్చింది కత, అది ఇను. కరోనా ఏడాది. కాదు కాదు, కరోనా మొదలైన ఏడాది దాటంగ అచ్చిన చలికాలం. నువ్వప్పుడు ఇంక జగిత్యాలల చదువుతున్నవు. మా అర్బాబ్, మజ్రా మాలిక్, నీకు ఎర్కేగదా, ముసలాయన, పొద్దున సలాం చెప్పినవు సూడు కుర్చీల కూసున్నాయనకు, ఆయనే. ఇప్పుడు చెవులు ఇనవడవు గని అప్పుడు గట్టిగనే ఉన్నడు. నేను ఈడికి అచ్చిన కొత్తల ఆయనే పార పట్టి ఖర్జూరం చెట్ల పాదులు జేసేది, నేను ఎనుక నిలవడి చూసేది. దేశంగాని దేశంల నాకు పని నేర్పిచ్చిన మనిషి. ఆయన కొడుకు చిన్న అర్బాబ్, అబుదాబిల ఆఫీసు నౌకరి. వారానికి ఒక్కసారి అత్తడు, కారు దిగి చెప్పులకు మట్టి అంటకుంట నడుత్తడు. మంచోడే, తిట్టడు, కొట్టడు. గని ఏది చూసినా లెక్కలనే చూత్తడు.

ఆ ఏడాది మేత ధర మండిపోయింది. జహాజులు ఆలిశమైనయట, ఎక్కడి సరుకు అక్కడ ఆగిందట. నేను అచ్చిన కొత్తల బార్లీ బస్తా అంటే ఎవడు పట్టిచ్చుకునేటోడు? ఎంతో అగ్గువకు దొరుకుతుండె, మేకలు తిని మిగిలిచ్చినా అడిగెటోడు లేకుండె. మీ పెద్దమ్మ రాజవ్వకు ఫోన్ల చెప్తే, "మనుషులకు లేదు గని మేకలకు బస్తాల కొద్ది పెడుతున్నరా" అని నన్నే తిట్టింది. ఆ బస్తా కరోనాల ఎట్ల పెరిగిందంటే, ఇగ చిన్న అర్బాబ్ ఒకనాడు అచ్చి తండ్రి ముంగట కూసున్నడు. మేకలు అమ్ముదాం బాబా అన్నడు. నేను చాయ్ పట్టుకపోతుంటే ఇన్న. మేకలు అమ్ముదాం, ఈ మడులల్ల పెద్ద ఈతకొలను కట్టిద్దాం, రెండు మూడు మంచి రూములు ఏద్దాం, దుబాయ్ నుంచి షార్జా నుంచి కుటుంబాలు అచ్చి శుక్రవారం శుక్రవారం కిరాయికి ఉంటయి అన్నడు. ఆడీడ చానా మజ్రాలు అట్లనే అయినై, నువ్వు తొవ్వల చూసినవు కదా, గేటుకు రంగు దీపాలు పెట్టినయి. అవన్ని ఒకప్పుడు ఉల్లిగడ్డ పండిన జాగలే.

 ముసలాయన తస్బీ, ఆల్ల జపమాల, తిప్పుకుంట కూసున్నడు. ఆఖరుకు ఏమన్నడంటే, ఒక్క పంట చూద్దాం అన్నడు. మన మడులల్లనే బార్లీ ఏద్దాం, అది మేకల్ని ఎండకాలం దాటిచ్చిందా, మజ్రా మజ్రా లెక్కనే ఉంటది. దాటియ్యలేదా, నీ ఇష్టం, కొలనే కట్టుకో అన్నడు. ఇగ నాకు భయమైంది. ఎందుకంటే కొలను కట్టినంక నాతోని ఏం పని? నాతోని, బంగ్లా రఫీక్ తోని? రఫీక్ అంటే గా దొడ్డి కాడ ఉన్నోడే, పన్నెండేండ్ల సంది నాతోనే ఉన్నడు. మన దిక్కు బోరు మీద బోరు ఏసి, నీళ్ళు పడక, నేను ఇక్కడికి అచ్చిన. మల్ల ఇక్కడ గూడ భూమి కాళ్ళ కింది నుంచి పోతదంటే ఎట్లుంటది చెప్పు. అప్పటి సంది ఆ పంట నా పంటే అనుకున్న. అర్బాబ్ పంట అనుకోలే.

బార్లీ అంటే గోధుమ తీర్గనే ఉంటది, గని ఎన్నుకు మీసాలు పొడుగు. అంగీల దూరితే సాయంత్రం దాక గుచ్చుతనే ఉంటయి. చలి పడంగనే ఏసినం. ముసలాయన గింజలు ఒళ్ళె పోసుకొని చల్లుడు చూపిచ్చిండు. ఆయన చిన్నప్పుడు ఈ గుట్టలల్ల చిన్న చిన్న మడులు కట్టి బార్లీ, గోధుమ పండిచ్చేదట. రొట్టె గూడ దానిదేనట, కరువుల. చిన్న అర్బాబ్ పక్కపొంటి నిలవడి ఫోన్ చూసుకుంటున్నడు.

మొలిచింది. మంచిగనే మొలిచింది. ఇగ వాన కోసం చూసుడు. ఈడ చలికాలం నాలుగు చినుకులన్న పడుతయి, గుట్టల మీదికెళ్ళి వాగు ఒక్కసారన్న అత్తది, బావుల్లకు కొత్త నీళ్ళు అత్తయి. ఆ ఏడాది మొగులు అచ్చుడు, పోవుడు. అచ్చుడు, పోవుడు. ఒక్క సుక్క రాలలే. బావి నీళ్ళు కిందికి పోయినయి. కిందికి పోయిన కొద్ది ఉప్పుగైనయి. నిమ్మచెట్ల ఆకులు అంచులు మాడినయి. అవి ముసలాయన భార్య పెట్టిన చెట్లు, ఆమె పోయి చానేండ్లాయె. ఉన్న నీళ్ళు అటు పెడితే బార్లీ పోతది, ఇటు పెడితే నిమ్మ పోతది. నేను ఏది అడగలేక మోటరు కాడ నిలవడ్డ. ముసలాయనే అచ్చి, నిమ్మకు బంద్ చెయ్యి గంగారాం అన్నడు. అంతే అన్నడు, అని మొకం తిప్పుకొని పోయిండు. ఇప్పుడు ఆడ మొద్దులే ఉన్నయి, చూసినవు కదా. ఆ నిమ్మచెట్లను ఎవడన్న లెక్కల రాసిండా? రాయలే.

అప్పుడే ఖేతీ ఇంజనీరు ఒకాయన అచ్చిండు, సూడాన్ ఆయన. నేను భయానికి ఊకూకె తడి పెడుతున్న. ఆయన మట్టి తవ్వి చూసి, గట్ల పెట్టకు, ఊకె తడిపితె ఉప్పు పైకి అత్తది, పెట్టినప్పుడు నిండ పెట్టు, ఆపినప్పుడు ఆపు, ఎన్ను పోసుకునేటప్పుడు, పాలు పోసుకునేటప్పుడు మాత్రం తప్పకు అన్నడు. నాకు కోపమచ్చింది, నేను పుట్టిందే మడిల అనుకున్న. గని ఆయన చెప్పిందే కరెక్టు. ఒప్పుకోవాలె కదా. ఆయన మాట ఇనకపోతే ఆ పంట సంక్రాంతి నాటికే ఎండుతుండె.

పాలు పోసుకునే టైముకు ఇంకో కిరికిరి. ఒంటెల షేక్ ఒకాయన కారు ఆపి, ఈ పచ్చది ఉన్నదున్నట్టు ఇయ్యి, ఒంటెలకు కోసుకపోత అన్నడు. మంచి ధర చెప్పిండట. చిన్న అర్బాబ్ ఎగిరి గంతేసిండు. ముసలాయన ఒక్కటే అడిగిండు, మల్ల ఎండకాలం మేకలకు నీ పైసలు పెడుదునా అని. ఖలాస్, ఆ మాటతోని బేరం పోయింది. నేను ఆ పూట రెండు రొట్టెలు ఎక్కువ తిన్న.

ఇప్పుడు అసలు సంగతి, ఇదే ఇనాలె నువ్వు.

పంట పండింది. పొట్టిగనే ఉన్నది గని గింజ పట్టింది. పండంగనే ఏడి గాలి మొదలైంది. బార్లీతోని అదే తిప్పలు, ఎండినంక గాలి తగిలితే ఎన్ను వంగుతది, ఇరుగుతది, గింజ మట్టిల పడుతది. జల్ది కోయాలె. కోసుటానికి ఎవలున్నరు? మేం నలుగురం ఉండాలె. ఇద్దరు ఊరికి పోయి కరోనాకు ఆడనే ఆగిపోయిన్రు, విమానాలు లేవు. కొత్తోల్లు దొరుకరు. ఇంత జాగకు మిషను ఎవడు పంపుతడు? నేను, రఫీక్. ఇద్దరం కోస్తే సగం పిట్టలకు, సగం మట్టికి.

నీకెర్కే, మన దిక్కు ఇట్లాంటి టైముల ఏం జేత్తం? బదులు. ఇయ్యాల మేం మీ చేన్లకు అత్తం, రేపు మీరు మా చేన్లకు రావాలె. పైస లేదు, కాగితం లేదు. మీ నానమ్మ బదులుకు పోతే మొదటి మునుం, కోతల ముందు వరుస, ఆమెదే, ఆమె కొడవలి సప్పుడు ఇంటే మిగిలినోల్లు మాటలు బంద్ జేసేది. మీ బాపు మాత్రం మునుం పట్టిండంటే అందరికన్న ఎనుకనే, బీడి తాగుటానికి ఒడ్డు మీదనే కూసునేది. చెప్పు మీ బాపుకు, పెద్దబాపు ఇట్లన్నడని. అయినా బదులు బదులే, మీ బాపు తక్కువ కోసినా మనిషి అచ్చిండంటే లెక్క చెల్లినట్టే.

పక్క మజ్రాల పనోల్లు ఆరుగురు ఉన్నరు. పెద్దోడు గుల్ ఖాన్, పఠాన్. ఇది కోతకు కొన్ని రోజుల ముందటి మాట, ఆల్లకు ఉల్లిగడ్డ పీకుడు ఉండె, మా బార్లీ ఇంక పండలే. నేనే పోయి హిందీల చెప్పిన, మేమిద్దరం మీ ఉల్లిగడ్డకు అత్తం, మీరు మా బార్లీకి రావాలె అని. గుల్ ఖాన్ నవ్విండు. "మా గుట్టలల్ల గూడ ఇదే పద్ధతి భాయ్, దీన్ని మేం అశర్ అంటం" అన్నడు. నాకెంత సంబురమైందో. ఎక్కడి పెషావర్, ఎక్కడి జగిత్యాల! ఇగ నేను, రఫీక్, రెండు రోజులు పొద్దుగూకేదాక ఉల్లిగడ్డ పీకినం. ఈ చేతులు వారం దాక వాసనచ్చినయి.

మా కోత నాడు ఆరుగురు పొద్దు పొడువంగనే అచ్చిన్రు. కొడవల్లు ఆల్లే నూరుకొని తెచ్చుకున్నరు. ఏడు మునాలు పట్టినం. గుల్ ఖాన్ కోత చూడాలె నువ్వు, వంగిండంటే లేవడు. నేపాల్ పిలగాండ్లు ఇద్దరు పాట ఎత్తుకున్నరు. రఫీక్ ఎనుక కట్టలు కట్టుకుంట అత్తుండు. నేను ఎన్నేండ్లకు కోసిన్నో గట్ల! మన ఊరు యాదికచ్చింది, మీ నానమ్మ యాదికచ్చింది. ఎండ ఎక్కకముందే సగం మడులు అయిపోయినయి. పొద్దుమీకిదాక అంత ఖలాస్ అయితది అనుకున్న.

అప్పుడచ్చింది బండి. తెల్లది. తనిఖీ. ఇద్దరు దిగిన్రు, మొకానికి మాస్కులు. కరోనాకు చూసుకుంట తిరుగుతున్నరు. బత్తాకాలు తియ్యిన్రి అన్నరు. తీసినం. ఆల్ల కార్డుల మీద పక్క మజ్రా పేరున్నది. "ఈడెందుకున్నరు?" అని అడిగిండు ఒకాయన, ఉర్దూ వచ్చు ఆయనకు. నేనే ముంగటికి పోయిన, నాదే కదా పిలుపు. "సాబ్, మేం ఆల్ల మజ్రాకు పోయినం, ఆల్లు మా మజ్రాకు అచ్చిన్రు." "జీతం ఎవరిత్తున్నరు?" "ఎవ్వరియ్యరు సాబ్." ఆయన నా మొకం దిక్కు చూసిండు, నవ్విండు. "పైస లేకుంట ఎవడన్న పని జేత్తడా? అబద్ధమాడకు" అన్నడు.

అబద్ధమట! చూసినవా? నేను దొంగతనం చేసి దొరికితే గూడ గంత సిగ్గుపడకపోదును. పైస తీసుకున్న అంటే నమ్ముతడు, తీసుకోలే అంటే నమ్మడు. ఎట్ల చెప్పాలె ఆ మనిషికి? ఒక కఫీల్ కింద, అంటే వీసా ఇచ్చిన మాలిక్ కింద, ఉన్నోడు ఇంకో కాడ పని చేసుడు కానూన్ కాదు, అది నాకు తెలుసు, తెల్వదనను. గని అది పైసలకు పోయెటోని మాట. మేం పోయింది పైసలకా? మనిషికి మనిషి ఆసరా అయితే దానికి జుర్మానానా? ఆయనను తిట్టను, ఆయన పుస్తకంల గట్లనే రాసి ఉన్నది. రాసినోడు కోత కోసినోడు కాదు, అంతే. రెండు మజ్రాల మీద జుర్మానా రాసుకొని, ఆరుగురిని బండి ముంగట నడిపిచ్చుకుంట ఆల్ల గేటు దాక తోలిన్రు. మేకల్ని తోలినట్టు. గుల్ ఖాన్ పోతుపోతు కొడవలి నా చేతుల పెట్టి, "సగం బాకీ ఉన్నది భాయ్" అన్నడు. సగం మడులు అట్లనే నిలవడ్డయి. గాలి అత్తనే ఉన్నది.

ముసలాయనకు పోయి చెప్పిన. తిడుతడనుకున్న. ఆయన జుర్మానా మాట అడగనే లేదు. "మా దగ్గర గూడ ఉండె ఇది. ఫజా అంటం. ఒకని ఇల్లు పడితె ఊరంత పోయేది, ఒకని పంట పండితె ఊరంత కోసేది" అన్నడు. అని ఫోన్ తీసిండు. ఆయన ఈడు ముసలోల్లకు, పక్క మజ్రా అర్బాబ్‌కు, ఇంకెవలెవలకో చేసిండు. మల్లనాడు ఏమైంది చెప్పు? పది పన్నెండు పెద్ద కార్లు అచ్చినయి. తెల్లటి బట్టలేసుకున్న పెద్దమనుషులు దిగిన్రు. బట్టలు మోకాళ్ళ మీదికి కట్టుకున్నరు, కొడవల్లు పట్టుకున్నరు, మడులల్ల దిగిన్రు! ఆల్ల జాగ, ఆల్ల దేశం, ఆల్లను ఎవడు అడుగుతడు కార్డు? పక్క అర్బాబ్ గూడ, అదే, జుర్మానా పడ్డాయన, అచ్చి నాకంటె ముందు దిగిండు.

మంచి మనుసులే కొడుకా, అందుల తప్పు పట్ట. ముసలోల్లు కొందరు కోత ఎరిగినోల్లే, ఒకాయనైతే చెయ్యి పెట్టంగనే తెలిసింది. పిల్లలు మాత్రం కొడవలి ఉల్టా పట్టుకున్నరు. ఒకనికి ఏలు తెగితే ముగ్గురు కలిసి పట్టీ కట్టిన్రు. నేను, రఫీక్ ఆల్ల ఎనుక ఇడిచిపెట్టినయి కోసుకుంట, కట్టుకుంట పోయినం. అన్నం అచ్చింది, అరబ్బు కాఫీ కహ్వా అచ్చింది, ఖర్జూరాలు అచ్చినయి. అయిపోయింది కోత. ముసలాయన కండ్లల్ల నీళ్ళు. నాకు గూడ సంబురమే అయింది, మడి ఖాళీ అయింది కదా, గింజ దక్కింది కదా.

గని లోపల్లోపల మంట. నిన్న అదే మడి, అదే కొడవలి, అదే బదులు. మేం చేస్తే జుర్మానా. ఆల్లు చేస్తే ఫోన్లల్ల ఫోటోలు, శభాష్‌లు. ఆ ఆరుగురు రెండు మజ్రాల నడుమున్న ఇనుప జాలి కంచె కాడికి అచ్చి నిలవడి చూసిన్రు. ఆల్ల అర్బాబ్ మా మడిల కోస్తుండు, ఆల్లు ఆడ నిలవడ్డరు. గుల్ ఖాన్ నన్ను చూసి చెయ్యి ఎత్తిండు. నేను ఎత్తలే. సిగ్గయింది నాకు.

ఇగ లెక్కలు. ట్రాక్టర్ తిప్పి గింజ తీసి బస్తాలకెత్తినం, గడ్డి కుప్ప ఏసినం. మేకలు ఎండకాలం ఎల్లదీసినయి. అంత దాని మీదనే అనను, ఆఖర్ల కొంత మేత కొన్నం, అబద్ధమెందుకు. గని ఒక్క మేకను అమ్మలే. చిన్న అర్బాబ్ అచ్చి లాప్‌టాప్ తెరిచి, బాబా, నష్టం అన్నడు. నీళ్ళు, కరెంటు, ఇత్తనం, గంగారాం జీతం, రఫీక్ జీతం, జుర్మానా. ఇవన్ని బార్లీ నెత్తిన పెట్టిండు. దుకాణంల బస్తా కొన్నా దీనికంటె అగ్గువ అన్నడు. అరే, నా జీతం బార్లీ ఏసినా ఇయ్యాలె, ఏయకున్నా ఇయ్యాలె! నువ్వు కొలను కట్టినా కడిగెటోనికి ఇయ్యవా? జుర్మానా బార్లీ ఏసినందుకు పడ్డదా? గడ్డి కుప్ప కనవడలేదా? ఎరువు కనవడలేదా? ఆ మాటలు నా నాలిక మీదిదాక అచ్చినయి. నేను పనోన్ని, మింగిన. ముసలాయన మాత్రం, "జుర్మానా నా పేరు మీద రాయి. అది పంటది కాదు, నాది" అన్నడు. కొడుకు లాప్‌టాప్ మూసిండు.

మల్ల ఆ కొడుకే ఈ టికెట్ తెలివి తీసిండు. ఫజా నాటి వీడియో ఊరంత తిరిగింది కదా, మేం గూడ అచ్చి కోత్తం అని షహర్లనుంచి ఫోన్లు అచ్చినయట. మల్ల ఏడాది నుంచి కోత టైముకు టికెట్ పెట్టిండు. మడికి తాడు కట్టి, ఈ ముక్క మీది, ఈ ముక్క మీది అని ఇత్తడు. పిల్లలు, ఆడోల్లు, దొరలు, దొరసానులు, నెత్తికి గడ్డి టోపీలు. రెండు గుప్పిళ్ళు కోసి పది ఫోటోలు దిగుతరు. నిజం చెప్తాన, ఆ టికెట్ల మీదనే మజ్రా నిలిచింది. బార్లీ గింజ మీద కాదు, గడ్డి మీద కాదు. మేకలున్నయి, మడులున్నయి, కొలను కట్టలే. ఆ పిలగాడే నిలవెట్టిండు, ఒప్పుకుంట. ఒప్పుకుంట గని నాకు మింగుడు పడది. ఉప్పు నీళ్ళల్ల పెంచిన పంటకు ఇలువ లేదట, దాన్ని కోసుకుంట ఫోటో దిగుడుకు ఇలువట! ఏం కాలం రా ఇది? నువ్వు చదువుకున్నోనివి, నువ్వు చెప్పు.

మల్ల నవ్వుతవు.

సరే, ఆ వీడియో మల్ల పెట్టు. ఈసారిదే, మొన్న ఆదివారందే కదా. ఆ టోపీల పిల్ల నవ్వుతాంది సూడు, ఆమెను కాదు, ఆమె ఎనుక చూడు. ఆ మూలకు. కనవడుతున్నరా? ఆరుగురు. వంగి ఉన్నరు, మొకాలు కనవడయి. ఎంత జల్ది కోత్తున్నరో చూడు, ఒక్కడన్న కెమెరా దిక్కు చూత్తుండా?

గుల్ ఖాన్. నేపాల్ పిలగాండ్లు. ఆల్లే. నేను ఎండకాలం ఇంటికి పోతున్నానని రఫీక్ ఆల్లకు చెప్పిండట. ఆదివారం పొద్దున గేటు కాడ లైన్ల నిలవడ్డరు ఆరుగురు. తానం చేసి, ఇస్త్రీ బట్టలేసుకొని, పెండ్లికి అచ్చినట్టు. టికెట్ పిల్ల కాడ పైసలు కట్టి, చేతికి పట్టీలు కట్టిచ్చుకుంటున్నరు. నేను ఉరికిన. "ఇదేం పని గుల్ ఖాన్ భాయ్, పాగల్ అయినవా?" అన్న. ఆయన చెయ్యి ఎత్తి పట్టీ చూపిచ్చిండు. "ఆ రోజు సగం ఆగిపోయింది కదా. నువ్వు ఉల్లిగడ్డకు నిండ రెండు రోజులచ్చినవు. మా సగం మా నెత్తిన ఉంచుకొని నిన్నెట్ల పంపుతం?" అన్నడు. ఎన్నేండ్లు! నేనే మరిచిపోయిన ఆ సగం.

చిన్న అర్బాబ్‌కు తెలిసింది. మనిషి మంచోడని చెప్పిన కదా, అచ్చి, గంగారాం దోస్తులు కదా, పైసలు వాపస్ ఇయ్యిన్రి అన్నడు. గుల్ ఖాన్ తీసుకోలే. "వద్దు సాబ్. ఈ పట్టీ ఉంటే చుట్టాలం. ఇది తీసేత్తె మల్ల పనోల్లం, మల్ల కార్డు అడుగుతరు" అన్నడు. చిన్న అర్బాబ్ పైసలు మల్ల టికెట్ పిల్లకే ఇచ్చిండు. ఆ పూట లాప్‌టాప్ తెరువలే.

ఆ మూల మడి మొత్తం ఆల్లే కోసిన్రు. నేను గూడ దిగిన, నడుము పట్టుకుంటే పట్టుకొనీ అని, మొదటి మునుం నేనే పట్టిన. ఏడుపచ్చింది కొడుకా, దాసను. కోపానికా, సంతోషానికా అంటే చెప్పరాదు. ఎండల ఒళ్ళు గుల్ల చేసుకునేటోల్లు, వారంల ఉన్న ఒక్క సెలవు నాడు, జేబుల పైసలు కట్టి, చేసిన మాట కోసం పని చేసిన్రు. దీన్ని ఏ కంప్యూటర్ల ఏ డబ్బాల రాత్తరు? లాభమా, నష్టమా? నీకే తెలువది, నాకేం తెలుత్తది.

పొద్దుగూకుతాంది, నీకు బస్సు ఉన్నది. ఆ డబ్బాల ఖర్జూరాలున్నయి పట్టుకపో, మీ రూముల పిలగాండ్లకు ఇయ్యి. ఇటు రా, ఒంగు, నెత్తి మీద చెయ్యి పెట్టనీ. పైసలు సంపాయించు, ఇల్లు కట్టు, పెండ్లి చేసుకో, అన్ని చేసుకో. గని నీ మడి సగంల ఆగిపోయిన నాడు, టికెట్ కొనుక్కొనన్న అచ్చి కొడవలి పట్టేటోల్లు ఆరుగురు దొరకాలె నీకు. ఆరుగురు కాకున్నా ఒక్కడన్న దొరకాలె. సల్లగుండు బిడ్డా.